డాట్ ప్రాంప్ట్ వారసులు

తొంభైల్లో తెలుగు పట్టణాల్లో కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లినవాళ్లకు ముందు గుర్తొచ్చేది గుమ్మం బయట వరసగా విడిచిన చెప్పులు. లోపల ఏసీ చలి, దుమ్ము పడకుండా మెషీన్లకు కప్పిన ముసుగులు, నల్లటి తెరలు. ఆ తెర అడుగున ఎడమ వైపు ఒకే ఒక చుక్క. దాని పేరు డాట్ ప్రాంప్ట్. మాస్టారు చెప్పినట్టు ‘యూజ్ స్టూడెంట్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఏమీ జరిగినట్టు ఉండదు, మళ్లీ చుక్కే. ‘లిస్ట్’ అని కొడితే మాత్రం పేర్లు, ఊళ్లు, మార్కులు బిలబిలమంటూ తెర మీదికొచ్చి పైకి పారిపోయేవి. డీసీఏ, పీజీడీసీఏ సర్టిఫికెట్ల కోసం చేరినవాళ్లకు డాస్, వర్డ్‌స్టార్, లోటస్ 1-2-3 అయ్యాక వచ్చే పాఠం ఇది. ముందు డీబేస్ త్రీ ప్లస్, తరవాత ఫాక్స్‌ప్రో.

ఆ డీబేస్ ఖరీదు అమెరికాలో 695 డాలర్లు. ఆ సంగతి ఆ గదుల్లో ఎవరికీ పట్టేది కాదు. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి కాపీ కొట్టుకుని, జిరాక్స్ తీసిన మాన్యువల్ ముందేసుకుని నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. అమెరికాలో డబ్బు పెట్టి కొనేది ఇక్కడ ఉత్తపుణ్యానికి దొరికేది. కోడు అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ డేటాబేస్‌లు చాలాకాలం మన బజారు దాకా రాకపోవడానికి ఇదీ ఒక కారణమే. దొంగ కాపీ అరచేతిలో ఉన్నప్పుడు ‘ఇది ఉచితం’ అన్న మాటకు విలువేముంటుంది?

డెస్క్‌టాప్ డేటాబేస్ అంటే ఒకే డబ్బాలో మూడు వస్తువులు. వివరాలు దాచే బీరువా ఒకటి. వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే కౌంటరు రెండోది, దాన్నే ఫారం అంటారు. నెలాఖరుకు లెక్క తీసి కాగితం మీద చూపించే గుమస్తా మూడోది, అదే రిపోర్టు. కిరాణా హోల్‌సేల్ కొట్టుకైనా, రైస్ మిల్లుకైనా, జూనియర్ కాలేజీ ఆఫీసుకైనా ఈ మూడూ ఒక్కచోట, ఒక్క మనిషి చేతికింద ఉండాలి. బీరువా ఎంత గట్టిదైనా కౌంటరు లేకపోతే కొట్టు నడవదు. నలభై అయిదేళ్ల ఈ కథంతా ఈ మూడింటి మధ్యే నడుస్తుంది.

ఆ చుక్క పుట్టింది ఫుట్‌బాల్ పందెం దగ్గర. కాలిఫోర్నియాలోని పాసడీనాలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఉంది, అంతరిక్ష నౌకల్ని నడిపే చోటు. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే వేన్ రాట్లిఫ్‌కు డెబ్బైల చివర్లో ఆఫీసు ఫుట్‌బాల్ పందెంలో గెలవాలని బుద్ధి పుట్టింది. పాత ఆటల స్కోర్లున్న పేపర్లను గదినిండా పరుచుకుని లెక్కలు వేయబోయి, ఇది చేత్తో అయ్యే పని కాదని తేల్చుకున్నాడు. కిట్ కొని తనే బిగించుకున్న ఐఎమ్‌సాయ్ కంప్యూటర్ మీద, 8080 చిప్‌కు అసెంబ్లీ భాషలో ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. అది తయారయ్యేసరికి పందెం సంగతే మరిచిపోయాడు. స్టార్ ట్రెక్‌లో మిస్టర్ స్పాక్ పుట్టిన గ్రహం పేరు తీసుకుని దానికి వల్కన్ అని పెట్టి, 1979 అక్టోబరులో బైట్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు.

ఆ బుర్రంతా రాట్లిఫ్‌ది కాదు. అదే లేబొరేటరీలో యూనివాక్ 1108 అనే పెద్ద యంత్రం మీద అప్పటికే జేపీఎల్‌డిస్ అనే సమాచార వ్యవస్థ నడుస్తోంది. దాన్ని కొలిక్కి తెచ్చినవాడు జెబ్ లాంగ్. వల్కన్ ఆజ్ఞల పోకడ అక్కడిదే. నాసా పనికి ప్రభుత్వం సొమ్ముతో తయారైన సరుకు అది. ఒకరి సొంతం కాని ఆ మూలాన్ని తరవాత ఒక కంపెనీ తన సొంతమని కోర్టుకెక్కింది, అక్కడే బోల్తా పడింది.

పగలంతా ఉద్యోగం, రాత్రంతా డిస్కులు కాపీ చేసి పోస్టులో పంపడం. రాట్లిఫ్ అలిసిపోయాడు. అప్పుడు వచ్చారు జార్జ్ టేట్, హాల్ లాష్లీ అనే ఇద్దరు సాఫ్ట్‌వేర్ వ్యాపారులు. హక్కులు తీసుకున్నారు. వల్కన్ పేరు అప్పటికే హారిస్ కార్పొరేషన్‌ది కనుక కొత్త పేరు కావాలి. ప్రకటనలు రాసే హాల్ పాలక్ డీబేస్ టూ అన్నాడు. డీబేస్ వన్ అనేది ఏనాడూ లేదు. రెండు అంటే ఒకసారి సానబట్టిన సరుకని కొనేవాడు అనుకోవాలి, అదీ ఎత్తు. కంపెనీకి యాష్టన్-టేట్ అని పెట్టారు. టేట్ ఉన్నాడు కానీ యాష్టన్ అనే మనిషి లేడు, చెవికి ఇంపుగా ఉందని తగిలించిన పేరు. తరవాత ఆఫీసులో పెంచిన చిలుకకు యాష్టన్ అని పెట్టి ఆ లోటు తీర్చారు.

1984 ఆగస్టులో నలభై ఏళ్ల టేట్ గుండెపోటుతో పోయాడు. అదే ఏడాది డీబేస్ త్రీ వచ్చింది, ఆ వెనకే త్రీ ప్లస్. ప్రపంచమంతా ఆ చుక్క ముందు కూర్చుంది.

ఎందుకు కూర్చుందో తెలియాలంటే డీబేస్ వివరాలు దాచే డీబీఎఫ్ ఫైలు ఒకదాని కడుపు కోసి చూడాలి. మొదటి బైటు 3 అంకె. తరవాతి మూడు బైట్లలో ఫైలు చివరిసారి మారిన తేదీ: ఏడాది, నెల, రోజు. ఏడాదికి ఇచ్చింది ఒక్క బైటే, శతాబ్దం మారుతుందన్న ఆలోచన ఎవరికీ ఉన్నట్టు లేదు. ఆ పక్కన నాలుగు బైట్లలో మొత్తం రికార్డుల లెక్క. 32 బైట్ల ఈ తలకట్టు అయ్యాక ఒక్కో ఫీల్డుకు మళ్లీ 32 బైట్లు: పేరు, రకం, వెడల్పు. పేరు పది అక్షరాలు దాటకూడదు. ఆ కింద రికార్డులు, ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా సమానమైన పొడవుతో. ప్రతి రికార్డుకూ ముందు ఒక ఖాళీ గడి. ‘డిలీట్’ కొడితే రికార్డు ఎక్కడికీ పోదు, ఆ ఖాళీ గడిలో నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. ‘రీకాల్’ కొడితే నక్షత్రం చెరిగి మనిషి మళ్లీ బతికొస్తాడు. ‘ప్యాక్’ కొట్టినప్పుడే అసలు అంత్యక్రియలు. ‘జాప్’ కొడితే ఊరికి ఊరే ఖాళీ, అందుకే ఆ మాట నేర్పేటప్పుడు మాస్టార్లు గొంతు తగ్గించేవారు.

ఇంత తేలిగ్గా ఉంది కనుకే ఎవరైనా చదివేయగలిగారు, ఎవరైనా దీనికి పోటీ సరుకు రాయగలిగారు. నాంటకెట్ అనే కంపెనీ 1985లో క్లిప్పర్ తెచ్చింది. డీబేస్ భాషలో రాసిన ప్రోగ్రామును అది ఈఎక్స్‌ఈ ఫైలుగా మార్చి ఇస్తుంది. ఇక ప్రతి కొట్టులో డీబేస్ ఉండక్కర్లేదు, ఒక్క ఫ్లాపీ పట్టుకెళితే చాలు. మన ఊళ్లలో బిల్లింగ్ ప్రోగ్రాములు రాసి బతికిన కుర్రాళ్లకు అన్నం పెట్టింది ఈ సదుపాయమే. ఒహాయోలోని పెరిస్‌బర్గ్‌లో డేవ్ ఫుల్టన్ నడిపిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు ముందుకేసి, డీబేస్ చేసే పనే దానికంటే ఎన్నో రెట్లు వేగంగా చేసి చూపించింది. డీబేస్ పేరు ట్రేడ్‌మార్కు కనుక ఈ కుటుంబాన్నంతా ఎక్స్‌బేస్ అని పిలవడం మొదలైంది.

1988లో వచ్చిన డీబేస్ ఫోర్ నిండా పురుగులే. దిద్దిన 1.1 వెర్షన్ 1990 దాకా రాలేదు. సరుకు బాగుచేసే తీరిక లేని కంపెనీకి కోర్టుకు వెళ్లే తీరిక మాత్రం దొరికింది: 1988 నవంబరులో ఫాక్స్ మీద కాపీరైట్ దావా వేసింది. 1990 డిసెంబరులో న్యాయమూర్తి టెరీ హాటర్ పిడుగు లాంటి తీర్పు ఇచ్చారు. డీబేస్‌కు జేపీఎల్‌డిస్ మూలమన్న సంగతి కాపీరైట్ ఆఫీసుకు చెప్పకుండా దాచారు కాబట్టి ఆ కాపీరైటే చెల్లదన్నారు. కొన్ని నెలలకే, 1991 ఏప్రిల్‌లో, ఆ ఆదేశాన్ని ఆయనే వెనక్కి తీసుకున్నారు. అప్పటికే పరువు పోయింది, వ్యాపారమూ పోతోంది. అదే ఏడాది బోర్లాండ్ 43.9 కోట్ల డాలర్లకు యాష్టన్-టేట్‌ను కొనేసింది. ఆ కొనుగోలుకు ఒప్పుకుంటూ అమెరికా న్యాయశాఖ పెట్టిన షరతు, ఫాక్స్ మీద దావాను వదిలేయాలని.

మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ 17.3 కోట్ల డాలర్లకు ఫాక్స్‌ను కొంది. అదే 1992 నవంబరులో సొంతంగా యాక్సెస్ విడుదల చేసింది, తొలి ఆఫరు ధర 99 డాలర్లు. 695 డాలర్ల బజారులో 99 అంటే అది ధర కాదు, యుద్ధ ప్రకటన. బీరువా, కౌంటరు, గుమస్తా మూడూ విండోస్ కిటికీల్లో, మౌసుతో లాగి పెట్టేటంత సులువుగా. ఫాక్స్‌తో చేతికొచ్చిన ఫాక్స్‌ప్రోను మైక్రోసాఫ్ట్ విజువల్ ఫాక్స్‌ప్రోగా మార్చి 9వ వెర్షన్ దాకా నడిపి, 2007లో ఇక కొత్తది రాదని చెప్పేసింది. స్పానిష్ మాట్లాడే ప్రోగ్రామర్లు ‘మాస్ ఫాక్స్‌ప్రో’ అంటూ సంతకాలు సేకరించారు. ప్రధానమైన కోడు మాత్రం బయటికి రాలేదు. 2015 జనవరితో మద్దతు కూడా ఆగిపోయింది. అప్పటిదాకా ఆ భాష మీద బతికినవాళ్లకు, తెలుగువాళ్లూ అందులో ఉన్నారు, ఎవరినీ అడగకుండా కుర్చీ లాగేసినట్టయింది.

ఓపెన్ సోర్స్ అవసరం ధర దగ్గర కాదు, ఇక్కడ తెలిసొచ్చింది.

ఈ కథకు మలుపు 2000 సంవత్సరం. మూడు వేర్వేరు చోట్ల, ఒకరికొకరు తెలియని మనుషులు, జూలై నుంచి అక్టోబరు లోపల మూడు తలుపులు తెరిచారు. ముందుగా జూలైలో తెరుచుకున్న తలుపు.

ఇంటర్‌బేస్ అనే డేటాబేస్‌ను జిమ్ స్టార్కీ, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ వదిలి, 1984లో మొదలుపెట్టాడు. మసాచుసెట్స్‌లోని గ్రోటన్ అనే ఊరి పేరు మీద కంపెనీ పేరు గ్రోటన్ డేటాబేస్ సిస్టమ్స్. దాని ఫైళ్ల తోక జీడీబీ అన్నదీ ఆ ఊరి పేరే. ఆ కంపెనీలో వాటా కొన్నది యాష్టన్-టేట్. అలా డీబేస్‌తో పాటే ఇంటర్‌బేస్ కూడా 1991లో బోర్లాండ్ ఇంటికి, కోడలి వెంట వచ్చిన చెల్లెలిలా చేరింది. 1999 చివర్లో బోర్లాండ్ దాని మీద ఆసక్తి పోయినట్టు మాట్లాడేసరికి వాడకందార్లు గగ్గోలు పెట్టారు. చివరికి 2000 జూలైలో 6.0 వెర్షన్ సోర్స్ కోడును బహిరంగంగా విడుదల చేసింది. కొద్దిరోజులకే కొందరు ఆ కోడు తీసుకుని వేరుపడి ఫైర్‌బర్డ్ అని పేరు పెట్టుకున్నారు. బోర్లాండ్ మళ్లీ మనసు మార్చుకుని తలుపు మూసుకుంది కానీ పిట్ట అప్పటికే ఎగిరిపోయింది.

కోడు బయటికొచ్చిన ఆరు నెలలకే, 2001 జనవరిలో, ఒక గుట్టు బయటపడింది. ఇంటర్‌బేస్ లోపల ఎవరికీ చెప్పని దొంగ తాళంచెవి ఒకటి ఉంది. యూజర్ పేరు ‘పొలిటికల్లీ’, పాస్‌వర్డు ‘కరెక్ట్’. ఇవి తెలిస్తే చాలు, ప్రపంచంలో ఎక్కడి ఇంటర్‌బేస్ అయినా తెరుచుకుంటుంది, ఏ ఫైలైనా మార్చవచ్చు. తొంభైల నడుమ నుంచీ అమ్మిన ప్రతి కాపీలోనూ అది ఉంది. ఎవరి పనో పక్కన పెడితే, కోడు బీరువాలో ఉన్నన్నాళ్లూ కంటపడనిది నలుగురి ముందు పెట్టిన ఆరు నెలలకే దొరికింది. అమెరికాలోని సెర్ట్ సంస్థ ఆ ఏడాది ఇచ్చిన మొట్టమొదటి హెచ్చరిక ఇదే. ఓపెన్ సోర్స్ గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఇంత సూటిగా చెప్పలేరు.

ఫైర్‌బర్డ్‌కు ఇంకో చిక్కు. 2003లో మొజిల్లా వాళ్లు తమ కొత్త బ్రౌజరుకు అదే పేరు పెట్టారు. డేటాబేస్ వాళ్లు పోరుపెట్టారు. 2004 ఫిబ్రవరిలో బ్రౌజరే పేరు మార్చుకుంది. ప్రపంచమంతా వాడిన ఫైర్‌ఫాక్స్ పేరు వెనక ఇంత చిన్న డేటాబేస్ గొడవ ఉందని చాలామందికి తెలియదు.

రెండో తలుపు యుద్ధనౌకలోది. యూఎస్ఎస్ ఆస్కార్ ఆస్టిన్ అనే అమెరికన్ డిస్ట్రాయర్ కోసం రిచర్డ్ హిప్ ఒక ప్రోగ్రాం మీద పనిచేస్తున్నాడు. నౌకకు దెబ్బ తగిలి పైపు పగిలితే ఏ వాల్వు మూయాలో చెప్పే ప్రోగ్రాం. వివరాలన్నీ ఇన్‌ఫార్మిక్స్ అనే డేటాబేస్ సర్వరులో ఉండేవి. సర్వరు పడుకుంటే హిప్ ప్రోగ్రాం తెర మీద ‘డేటాబేస్‌కు కలవలేకపోతున్నాం’ అన్న సందేశం వచ్చేది. తిట్లు సర్వరుకు కాదు, హిప్‌కు. అసలు ఈ పనికి సర్వరు ఎందుకు, వివరాలు డిస్కు మీద ఒక ఫైల్లో ఉంటే నేరుగా చదువుకోవచ్చు కదా అని అతనికి తోచింది. ఆ తోచిందే ఎస్‌క్యూలైట్. తొలి వెర్షన్ 2000 ఆగస్టులో వచ్చింది.

డీబేస్ కాలపు ఆలోచనే ఇది, ఒక ఫైలు, ఒక మనిషి. మధ్యలో ఇరవై ఏళ్లు పెద్ద సర్వర్ల వెంట పరిగెత్తి మళ్లీ ఇంటికొచ్చినట్టు. తేడా ఏమిటంటే హిప్ దీని మీద ఏ హక్కూ ఉంచుకోలేదు, పూర్తిగా పబ్లిక్ డొమైన్‌కు వదిలేశాడు. సోర్స్ ఫైళ్ల తలమీద లైసెన్సు ఉండాల్సిన చోట ఒక చిన్న ఆశీర్వచనం ఉంటుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ అన్నిటిలోనూ ఇదే. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే శుభోదయాలు ఫోనులో దాక్కునేది ఎస్‌క్యూలైట్ ఫైల్లోనే. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని కలకాలం దాచదగ్గ ఫైలు పద్ధతుల జాబితాలో పెట్టింది. 2050 దాకా చూసుకుంటామని తయారీదార్లు మాట ఇచ్చారు. బీరువాల పోటీ ఇక్కడితో ముగిసిందనే చెప్పాలి.

కానీ అది బీరువా మాత్రమే. కౌంటరు లేదు, గుమస్తా లేడు.

మూడో తలుపు జర్మనీలో తెరుచుకుంది. మార్కో బోరీస్ కుర్రవయసులో పెట్టిన స్టార్ డివిజన్ కంపెనీ స్టార్‌ఆఫీస్ తయారుచేసేది. సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో దాన్ని కొని, 2000 అక్టోబరులో సోర్స్ కోడును ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ పేరుతో బయటపెట్టింది. అందులో వర్డ్‌కు బదులు రైటర్, ఎక్సెల్‌కు బదులు కాల్క్ ఉన్నాయి. యాక్సెస్‌కు బదులు మాత్రం ఏమీ లేదు. స్టార్‌ఆఫీస్‌తో వచ్చే అడాబాస్ డీ వేరే కంపెనీ సరుకు కనుక ఉచిత మూటలోకి రాలేదు. ఆ ఖాళీ నిండటానికి ఐదేళ్లు పట్టింది. 2005 అక్టోబరులో వచ్చిన 2.0 వెర్షన్‌లో ‘బేస్’ అన్న కొత్త వస్తువు కనిపించింది.

బేస్ చూడటానికి యాక్సెస్ అచ్చు. ఎడమ పక్క పట్టికలు, క్వెరీలు, ఫారాలు, రిపోర్టులు. లోపలి బీరువా హెచ్ఎస్‌క్యూఎల్‌డీబీ, జావాలో రాసింది. జావా అప్పటికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. స్వేచ్ఛ కోసం చేసిన సరుకును స్వేచ్ఛ లేని దానిమీద నిలబెట్టారేమిటని ఫ్రీ సాఫ్ట్‌వేర్ వర్గాలు మండిపడ్డాయి. వాడినవాళ్ల బాధ వేరు. బేస్ దాచే ఓడీబీ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. తెరిచినప్పుడు మూట విప్పి, సేవ్ చేసినప్పుడు మళ్లీ కడుతుంది. మూట కట్టే లోపు కరెంటు పోయిందా, పొద్దుటి నుంచి ఎక్కించిన ఎంట్రీలు గోవిందా. యూపీఎస్ లేని కొట్టులో ఇది మామూలు ఇబ్బంది కాదు. పాత ఫాక్స్‌ప్రోలో ఇంత భయం ఉండేది కాదు, అక్కడ రికార్డులు రాసినవి రాసినట్టు డీబీఎఫ్‌లోకి వెళ్లిపోయేవి.

2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి చీలి లిబ్రెఆఫీస్ వచ్చింది. దాన్ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్‌కు జర్మనీయే ఇల్లు. జావాను వదిలించుకోవాలని, 2014లో వచ్చిన 4.2 వెర్షన్‌లో బేస్ లోపల కొత్త బీరువా పెట్టారు. ఏదనుకున్నారు? ఫైర్‌బర్డ్. డీబేస్ యజమాని యాష్టన్-టేట్ కొన్న ఇంటర్‌బేస్, బోర్లాండ్ వదిలేసిన ఇంటర్‌బేస్, దాని పిట్ట వచ్చి లిబ్రెఆఫీస్ చూరులో గూడు కట్టింది. ఆ గూడు మాత్రం ఏళ్ల తరబడి ‘ప్రయోగాత్మకం’ అనే చీటీ తగిలించుకునే ఉంది. పాత ఫైళ్లను కొత్త బీరువాలోకి మార్చే పని అనుకున్నంత సులువుగా సాగలేదు.

మిగతావాళ్లూ ప్రయత్నించారు. పోలండ్‌కు చెందిన యారోస్వాఫ్ స్టానియెక్ ముందుండి నడిపిన కెక్సీ, లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వర్గం సొంత బిడ్డ, లోపల ఎస్‌క్యూలైట్. అలాంటిదే అయిన గ్నోమ్ వర్గంలో ముర్రే కమింగ్ రాసిన గ్లోమ్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సర్వరు మీద ఫైల్‌మేకర్ లాంటి ముఖం. డబ్బుకు అమ్మి తరవాత జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వదిలిన రీకాల్ ఒకటి, నోడా అని ఇంకొకటి. చాలావాటిని ఇద్దరో ముగ్గురో మోసేవాళ్లు. వాళ్లకు ఉద్యోగమో పిల్లలో అడ్డొస్తే ప్రాజెక్టు పడకేసేది. ఇంజిన్ రాయడానికి ముందుకొచ్చే ప్రోగ్రామర్లు పదిమంది ఉంటే, రిపోర్టులో చివరి గడి పేజీ దాటకుండా చూసే విసుగు పనికి ఒక్కడు దొరకడు. యాక్సెస్‌కు సరైన జోడీ ఇప్పటికీ రాకపోవడానికి అసలు కారణం ఇదే. తెలివి తక్కువై కాదు, ఆ పనికి జీతం ఇచ్చేవాళ్లు లేక.

యాక్సెస్ వాడే ఎండీబీ ఫైలు పద్ధతిని మైక్రోసాఫ్ట్ బయటికి చెప్పలేదు కనుక, బ్రయన్ బ్రన్స్ మొదలుపెట్టిన ఎండీబీ టూల్స్ చేసింది చీకట్లో తడిమి గదిలో సామాన్లు గుర్తుపట్టడం లాంటి పని. ఇంకోపక్క క్లిప్పర్ పోయాక ఆంటోనియో లినారెస్ 1999లో హార్బర్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. క్లిప్పర్ అంటే తెరచాప ఓడ, హార్బర్ అంటే రేవు. పేరులోనే కథ ఉంది. డాస్ కాలంలో రాసిన క్లిప్పర్ కోడును పెద్దగా మార్చకుండా విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిటి మీదా నడిపించవచ్చు. ఎక్స్‌బేస్ కుటుంబంలో నిజమైన వారసుడు ఎవరంటే బేస్ కంటే ముందు హార్బర్‌నే చెప్పుకోవాలి. దానికి దక్కాల్సిన పేరు దక్కలేదు.

తెలుగు దగ్గరికొచ్చేసరికి అక్షరాలు దాచే పద్ధతిలో మూడు తరాల తేడా ఒక్క పేరులో కనిపిస్తుంది. పేరు ఫీల్డుకు 20 గడులు ఇచ్చారనుకుందాం. ఇంగ్లీషులో వెంకటేశ్వరరావు 16 గడుల్లో సర్దుకుంటాడు, మధ్య ఖాళీతో సహా. అందుకే ఆ రోజుల్లో రికార్డులన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే. తెలుగే కావాలంటే పుణెలోని సీడాక్ జిస్ట్ కార్డు ఉండేది. ఇస్కీ కోడులో ఒక్కో గుర్తుకు ఒక్కో బైటు. ‘వేంకటేశ్వరరావు’ అని రాస్తే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కేసుకుని 14 బైట్లు, హాయిగా పట్టేది. యూనికోడ్ వచ్చాక యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. అదే పేరుకు 42. పాత డీబీఎఫ్‌లో 20 గడులకు నరికితే మిగిలేది ‘వేంకటే’, దాని పక్కన తెగిపోయిన తోక ఒకటి.

పాత కథ కదా అనుకోవడానికి లేదు. మ్యాపులు గీసేవాళ్లు వాడే షేప్‌ఫైలులో ఊళ్ల వివరాలు ఉండేది నేటికీ డీబీఎఫ్‌లోనే. క్యూజీఐఎస్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో గ్రామాల పటం తెరిచి, ఒక ఫీల్డుకు ‘గ్రామం’ అని పేరు పెట్టబోతే కుదరదు. ఆరు గుర్తులు, 18 బైట్లు. రాట్లిఫ్ కాలం నాటి పది గడుల హద్దు అడ్డొస్తుంది. ‘ఊరు’ అంటే తొమ్మిది బైట్లే, అది పడుతుంది. అచ్చతెలుగుకు డీబేస్ చేసిన ఉపకారం ఇదొక్కటే కాబోలు. క్యూజీఐఎస్ మూడో వెర్షన్ నుంచి షేప్‌ఫైలును పక్కకు జరిపి జియోప్యాకేజ్‌ను ముందు వరసలో పెట్టారు. విప్పి చూస్తే అదీ ఎస్‌క్యూలైట్ ఫైలే. అక్కడ పేరు ఎంత పొడుగైనా చెల్లుతుంది.

ఇంగ్లీషులో రాసిన పేర్లకూ చిక్కులున్నాయి. ఒకే లక్ష్మి ఒక కౌంటరులో ఎల్ఏకేఎస్‌హెచ్ఎంఐ, ఇంకో కౌంటరులో ఎల్ఏఎక్స్ఎంఐ. ఇందుకు ఫాక్స్‌ప్రోలో సౌండెక్స్ అనే ఆజ్ఞ ఉండేది, పేరును ఉచ్చారణ బట్టి నాలుగు గుర్తులుగా కుదించేది. ఇద్దరు లక్ష్ములూ ఎల్250 అవుతారు. పద్ధతి నూరేళ్ల నాటిది, రాబర్ట్ రసెల్‌కు 1918లో పేటెంటు వచ్చింది. ఎస్‌క్యూలైట్‌లోనూ సౌండెక్స్ ఉంది కానీ, మామూలుగా మూసి ఉంచుతారు; కావాలంటే తెరిచి కట్టుకోవాలి.

తెలుగు ముఖం తొడిగే పని కూడా ఓపెన్ సోర్స్ వైపే జరిగింది. ఓపెన్‌ఆఫీస్ ఆధారంగా చేసిన భారతీయ ఓపెన్‌ఆఫీస్‌ను 2005లో కేంద్ర ప్రభుత్వం తెలుగు సీడీలో పెట్టి ఉచితంగా పంచింది. అదే కాలంలో హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగు లినక్స్ తలకెత్తుకున్నారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు మొదటి చోటు ఇవ్వాలని కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. ఇవన్నీ సరే కానీ, బేస్ నిజంగా మన ఇళ్లలోకి వచ్చింది బడిసంచిలో. సీబీఎస్‌ఈ పదో తరగతి ఐటీ సబ్జెక్టులో, కోడు 402, డేటాబేస్ పాఠం లిబ్రెఆఫీస్ బేస్ మీదే చెబుతారు. చెప్పులు బయట విడిచి డాట్ ప్రాంప్ట్ ముందు కూర్చున్న తండ్రి ఇప్పుడు కూతురికి ప్రైమరీ కీ అంటే ఏమిటో వివరించాల్సి వస్తోంది. మాటలు పెద్దగా మారలేదు, టేబుల్, ఫీల్డ్, రికార్డ్, క్వెరీ. చుక్క ఒక్కటే పోయింది.

అటక మీద పాత సీడీయో, అదృష్టం ఉంటే చదవగలిగే ఫ్లాపీయో ఉన్నవాళ్లు ఒకసారి దించి చూడండి. కొట్టు ఖాతానో, కాలేజీ బ్యాచ్ జాబితానో, పెళ్లి చదివింపుల లెక్కో డీబీఎఫ్ తోకతో ఉంటే లిబ్రెఆఫీస్ కాల్క్‌లో తెరవండి. డీబేస్ అక్కర్లేదు, ఫాక్స్‌ప్రో అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. అక్షరాలు ఏ కోడులో ఉన్నాయని మాత్రం ఒక మాట అడుగుతుంది. సరైనది ఎంచుకుని ఓకే నొక్కితే పేర్లన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. అప్పుడే ఆ ఫైలును ఎస్‌క్యూలైట్‌లోకో, కనీసం మామూలు సీఎస్‌వీలోకో ఇంకో కాపీ తీసి పెట్టుకోండి. ఆ ఫ్లాపీ మళ్లీ చదవనిస్తుందన్న హామీ లేదు.